యాస ఎవరికి వుంటుంది?

"నాకు యాస వుంది" అని తనంతట తాను చెప్పుకున్న తెలుగువాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. యాస ఎప్పుడూ ఎదుటివాడికే వుంటుంది. శ్రీకాకుళం వాడికి వుంటుంది, సీమవాడికి వుంటుంది, నెల్లూరు వాడికి వుంటుంది, తెలంగాణ వాడికి వుంటుంది. ఆ మాట అనేవాడికి మాత్రం వుండదు. అతను మాట్లాడేది "భాష". ఒకే తెలుగులో కొన్ని నోళ్ళకు భాష అనీ, కొన్ని నోళ్ళకు యాస అనీ పేర్లు పంచిపెట్టే అధికారం ఎవరిది? అది వారికి ఎలా సంక్రమించింది? ఆ పంపకంలో లాభపడినదెవరు, నష్టపోయినదెవరు? ఈ ప్రశ్నలు వేయకుండా యాసల వైవిధ్యాన్ని గురించి మురిసిపోవడం సాహిత్యసభల్లో కాలక్షేపానికి పనికివస్తుందేగాని, అభ్యుదయ రచయితకూ ఉపాధ్యాయుడికీ పనికిరాదు.

ఈ విషయాన్ని నేను గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప మైదానాల నుంచి చూడదలచుకున్నాను. ఎందుకంటే ఈ మైదానాల మీద రెండు అభియోగాలున్నాయి. ఆ రెండూ ఒకదానికొకటి పొసగవు. మొదటిది: కృష్ణా, గుంటూరు జిల్లాల భాషే తక్కిన తెలుగుదేశమంతటి నెత్తినా కూర్చున్నదనీ, పత్రికలూ పాఠ్యపుస్తకాలూ సినిమాలూ ఆ రెండు జిల్లాల సొత్తు అయిపోయినాయనీ. రెండవది: గుంటూరువాడి మాట మోట, అందులో కారం తప్ప నయం లేదు, పల్నాటివాడు పలకరిస్తే పోట్లాటకు వచ్చినట్టుంటుందీ అని. ఒకే నోరు అందరిమీదా పెత్తనం చేసే ప్రామాణిక భాష ఎలా అవుతుంది, అందరూ నవ్వే మోటభాష ఎలా అవుతుంది? ఈ రెండు అభియోగాలూ ఒకే మనిషిని గురించినవి కావు గనుకనే ఇవి ఇంతకాలం పక్కపక్కనే బతకగలిగినాయి.

అచ్చులో వున్నదాన్నీ, ఊళ్ళో వినబడేదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పత్రిక "అలా" అంటుంది. గుంటూరు పల్లె "అట్టా" అంటుంది. పుస్తకం "ఏమిటి" అంటే, చిలకలూరిపేట సంతలో "ఏంది" అంటారు. పుస్తకంలో "ఎక్కడ", దర్శిలో, కనిగిరిలో "యాడ". పుస్తకంలో "వస్తాడు", మిరపతోటలో "వత్తాడు". పుస్తకంలో "పిల్లలు", ఒంగోలు దాటి దక్షిణంగా పోయినకొద్దీ "పిల్లకాయలు". గుంటూరు భాష ప్రామాణిక భాష అయిందన్నమాటే నిజమైతే, గుంటూరు జిల్లా కూలిమనిషి ఆ ప్రామాణిక భాష నేర్చుకోవడానికి బడికి వెళ్ళి చీవాట్లు తినవలసిన అవసరం ఏమిటి? ప్రామాణికమైనది జిల్లా కాదు. ఆ జిల్లాలో చదువుకున్న ఒక పొర.

ఆ పొర ఎలా ఏర్పడిందో చెప్పడానికి భాషాశాస్త్రం కంటే నీటిపారుదల చరిత్ర ఎక్కువ ఉపయోగిస్తుంది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కృష్ణమీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు పారినచోట రెండు పంటల వరి పండింది, భూమి ధర పెరిగింది, మిగులు చేతికి వచ్చింది. ఆ మిగులులోంచి హైస్కూళ్ళు వచ్చినాయి, కాలేజీలు వచ్చినాయి, అచ్చు యంత్రాలు వచ్చినాయి, నాటక సమాజాలు వచ్చినాయి, చివరకు మద్రాసులో సినిమాలకు పెట్టుబడి వచ్చింది. 1948లో విజయవాడలో రేడియో కేంద్రం ప్రారంభమైంది. ఆ తరువాత దినపత్రికలకు కూడా విజయవాడే ప్రధాన కేంద్రమైంది. డెల్టాలో చదువుకున్న కుటుంబాల ఇళ్ళలో మాట్లాడే తెలుగు ఈ దారిన అచ్చులోకీ, రేడియోలోకీ, తెరమీదికీ ఎక్కి కూర్చున్నది. అది మిగతావాటికంటే మధురమైనదిగనుక ఎక్కలేదు, దాని వెనుక కాలువ వున్నది గనుక ఎక్కింది. ఆ కాలువ ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి మనుషుల మాటకు "యాస" అనే పేరు వచ్చింది. పల్నాడు, వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి – ఇవన్నీ వానకోసం ఆకాశం వంక చూసే మెట్ట ప్రాంతాలు. డెల్టావాడి చెవికి ఆ మాటలన్నీ "మెరకవాళ్ళ" మాటలు.

ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి ఈ విషయంలో మనకు చేసిపెట్టిన మేలు చిన్నది కాదు. ఆయన పర్యవేక్షణలో "మాండలిక వృత్తి పదకోశం" మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వెలువడింది. ఊరూరా తిరిగి రైతుల నోటినుంచి సేకరించిన మాటలవి. ఆ సేకరణ ఆధారంగానే ఆయన తెలుగుదేశాన్ని నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించారు. గుంటూరు మధ్యమండలంలోనూ, నెల్లూరు దక్షిణమండలంలోనూ పడ్డాయి. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాలనుంచి ముక్కలు తీసి 1970లో ఏర్పరచిన ఒంగోలు జిల్లా, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మారినది, సరిగ్గా ఆ అంచుమీద కూర్చున్నది. అటువంటిచోట "శుద్ధమైన" మాట ఏది, "యాస" ఏది అని గీత గీయడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. మండలాలు నాలుగు అన్నది శాస్త్రం. అందులో ఒకటి భాష, మూడు యాసలు అన్నది సంఘం.

పోనీ, యాస అని నవ్వే మాటల్లో నిజంగా ఏదైనా లోపమున్నదా? "వచ్చిండు", "పోయిండు" అనే తెలంగాణ మాటను తీసుకోండి. మన పూర్వ పండితులు "వాఁడు", "వచ్చినాఁడు" అని అరసున్న పెట్టకపోతే విద్యార్థికి మార్కులు తగ్గించారు. ఆ అరసున్న అంటే ఏమిటి? ఒకప్పుడు అక్కడ నిండుగా పలికిన సున్నకు మిగిలిన గుర్తు. పుస్తకంలో దాని సగాన్ని పూజించినవారే, మనిషి నోట్లో అది నిండుగా బతికివుంటే పకపక నవ్వారు. "బాష", "దర్మం" అన్నందుకు బడిలో పిల్లవాడి చెవి మెలిపెడతారు. అచ్చతెలుగు మాటలకు ఒత్తక్షరాలతో పనిలేదు. అవి సంస్కృతంతో వచ్చినవి. తన భాష ధ్వనుల ప్రకారం పలికిన పిల్లవాడు తప్పు చేసినవాడయ్యాడు! "కూడు" అనే మాటను ప్రాచీన కవులు సంకోచం లేకుండా వాడారు. ఈనాడు ఆ మాట కూలివాడి నోట వినబడితే అసభ్యమట. మాట మారలేదు. దాన్ని పలికే మనిషి మారాడు, అంతే.

ఇది తెలుగుకే ప్రత్యేకం కాదు. న్యూయార్కు నగరంలోని ఇంగ్లీషును పరిశోధించి విలియం లబోవ్ 1966లో ఒక గ్రంథం ప్రకటించాడు. అక్కడ మాట చివర "ర" ధ్వని పలకకపోవడం కింది తరగతులవారి గుర్తుగా లెక్కపెట్టబడుతున్నదని ఆయన చూపించాడు. అదే "ర"ను అదే చోట పలకకపోవడం లండన్‌లో విద్యావంతుడి గుర్తు! ఒకే ధ్వనికి ఒక ఊళ్ళో గౌరవం, మరో ఊళ్ళో అగౌరవం. ధ్వనిలో గుణమూ లేదు, దోషమూ లేదు. మన "వస్తాడు", "వత్తాడు"ల సంగతీ ఇంతే.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డుపడతారు: "మరి మెట్టకు కూడా నీళ్ళు వచ్చినాయి గదా! నాగార్జునసాగర్‌కు 1955లో పునాది వేశారు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. పల్నాడు పత్తీ మిరపా పండించి డబ్బు చూసింది. నీ సిద్ధాంతం ప్రకారం పల్నాటి మాటకు గౌరవం రావాలి గదా!" వచ్చింది. ఎవరికి వచ్చిందో చూడండి. మోతుబరి "ఏందిరా, యాడికి పోతన్నావ్?" అని గద్దిస్తే అది పౌరుషం, పల్నాటి రోషం, సినిమా కథానాయకుడు అనుకరించదగ్గ గొంతు. అదే మాట, అదే ఉచ్చారణ, అదే ఊళ్ళో మాదిగవాడ మనిషి అంటే అది పొగరు, మొరటుతనం, "మాట్లాడడం చేతకాకపోవడం". 2024 జనవరిలో విడుదలైన ఒక పెద్ద సినిమాకు "గుంటూరు కారం" అని పేరే పెట్టారు. ఆ కారం ఎవరి చేతులను మండించి బస్తాల్లోకి ఎక్కుతుందో ఆ మనిషికి ఆ పేరులో భాగం లేదు. యాసను గురించిన మెప్పూ, యాసను గురించిన ఎగతాళీ ఒకే చెట్టు కొమ్మలు. ఒకటి ఆసామికి, ఒకటి కూలికి.

గుంటూరు మిర్చియార్డు ఆసియాలోకెల్లా పెద్ద మిరప మార్కెట్లలో ఒకటని గొప్పగా చెప్పుకుంటాం. జనవరి నుంచి కోతలు ముమ్మరమైతే అక్కడికి టిక్కీలు లారీలమీద వచ్చి పడతాయి. ఆ టిక్కీలో కాయ నింపడానికి ముందు దాన్ని కోసినవారెవరు? కర్నూలు పశ్చిమ ప్రాంతంనుంచి, ఆదోని, ఆలూరు వైపునుంచి వానలు లేక ఇల్లు తాళంపెట్టి పిల్లాజెల్లాతో వచ్చిన కూలీలు. ఈ వలసను వాళ్ళు "సుగ్గి" అంటారు. కన్నడంలో కోతకాలాన్ని చెప్పే మాట అది. సరిహద్దు పల్లెల్లో తెలుగూ కన్నడమూ కలిసి బతికిన బతుకుకు సాక్ష్యం. చేలగట్ల మీద గుడారాలు వేసుకుని నెలల తరబడి వుండే ఈ మనుషుల మాటను మన ఊళ్ళవాళ్ళు అనుకరించి నవ్వుకుంటారు. నవ్వేవారిలో మిరపకు కౌలుకట్టి అప్పులపాలైన చిన్నరైతు కూడా వుంటాడు. అతని కొడుకు హైదరాబాదులో చదువుకుంటూ తన "అట్టా", "ఇట్టా"లను దాచుకోవడానికి నానా అవస్థా పడుతుంటాడు. ఆ కొడుకును చూసి అక్కడ మరొకడు నవ్వుతాడు. ఈ నవ్వుల వరస మీదినుంచి కిందికే ప్రవహిస్తుంది. కింద వున్నవాడి కూలి రేటు మాట్లాడేటప్పుడు ఆ నవ్వు చాలా పనికివస్తుంది. మాట రానివాడికి లెక్క రాదనీ, లెక్క రానివాడికి ఎంతిచ్చినా చాలుననీ తరతరాలుగా నమ్మించారు.

మాట రానివారెవరో చేలోకి దిగితే తెలుస్తుంది. మిరపాకు ముడుచుకుంటే చదువుకున్న పట్నవాసి "తెగులు" అని ఊరుకుంటాడు. మిరపరైతు అలా ఊరుకోలేడు. తామరపురుగు పట్టి ఆకు పైకి దొన్నెలా ముడుచుకుంటే పైముడత, నల్లి పట్టి కిందికి వంగితే కిందిముడత, చెట్టు గిడసబారి గుబురుగా మారితే బొబ్బర. మూడింటికీ మూడు మాటలు. ఒకదాన్ని ఇంకొకదానిగా పొరబడితే కొట్టిన మందు వృథా, పెట్టిన అప్పు వృథా. 2021లో కొత్తరకం నల్ల తామరపురుగు పడి పూత రాలిపోయినప్పుడు తోటను చూసి ఇది పాత పురుగు కాదని ముందు చెప్పినవారు తోటలో తిరిగేవారే. కోసిన కాయను కల్లంలో ఎండబోసి, ఎర్రకాయను ఒకవైపు, తాలును ఒకవైపు ఏరే ఆడమనిషి కంటికీ నోటికీ వున్న వివేచన మన విమర్శకులకు పద్యాల విషయంలో కూడా వుండదు. దుక్కికి నేల పదునెక్కిందో లేదో ఒక్క మాటలో చెప్పే భాష అది. ఆ మాటల మీద ఆధారపడి పండిన పంటతో యార్డు నడుస్తుంది, కోల్డు స్టోరేజీలు నడుస్తాయి, ఎగుమతులు నడుస్తాయి. మాట మాత్రం మోట!

బడి సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఉపాధ్యాయులు. పల్నాటి వైపు ఒక హైస్కూల్లో నేను పనిచేసిన రోజుల్లో తోటి ఉపాధ్యాయుడొకాయన సుగ్గికూలీల పిల్లలను క్లాసులో నిలబెట్టి మాట్లాడించి తక్కినవారిని నవ్వించేవాడు. ఆయన దుర్మార్గుడు కాడు. పాఠాన్ని రక్తి కట్టిస్తున్నాననుకునేవాడు. వారం తిరిగేసరికి ఆ పిల్లలు ప్రశ్న అడగడం మానేశారు. నెల తిరిగేసరికి బడికే రావడం మానేశారు. తల్లిదండ్రులతోబాటు తోటకు పోతున్నారని రిజిస్టర్లో కారణం రాశారు. కారణం అబద్ధం కాదు. కాని సగం కారణమే. పేదరికం పిల్లవాణ్ణి బడిలోంచి బయటికి లాగేటప్పుడు లోపలినుంచి మనం నెట్టకుండా వుంటే ఎంతమంది నిలిచేవారో ఏ రిజిస్టరూ చెప్పదు.

"అయితే అందరూ ఇష్టం వచ్చినట్టు రాసుకోవలసిందేనా? ఉమ్మడి భాష అక్కరలేదా?" అని అడిగేవారున్నారు. అక్కర వుంది. ఇచ్ఛాపురం వాడూ హిందూపురం వాడూ ఒకే కరపత్రం చదివి ఒకే సమ్మెలో నిలబడాలంటే ఉమ్మడి రాతభాష కావలసిందే. దాన్ని పిల్లలందరికీ నేర్పవలసిందే. నేర్పకపోవడమే అసలు ద్రోహం. కాని రాత నేర్పడం వేరు, నోరు మూయించడం వేరు. పిల్లవాడికి "నువ్వు ఇంట్లో 'వత్తాడు' అంటావు, పుస్తకంలో 'వస్తాడు' అని రాస్తాం, రెండూ తెలుగే" అని చెప్పడానికి ఎంత వ్యవధి పడుతుంది? ఉమ్మడి భాష అన్నది ఒక జిల్లా ఒక పొర మాటలతో తాళం వేసిన పెట్టె కాకూడదు. పైముడతా, తాలూ, పదునూ, సుగ్గీ, బేగీ, అన్నీ అందులోకి రావాలి. అప్పుడే అది ఉమ్మడి.

"సరదాకు నవ్వితే ఇంత రాద్ధాంతమా?" అనే రెండో వాదన. సరదా అన్నది ఎప్పుడూ ఒకేవైపు ప్రయాణం చేయడం గమనించండి. దశాబ్దాలపాటు మన సినిమాల్లో ఇంటి పనిమనిషికి ఉత్తరాంధ్ర మాట, వీధిరౌడీకి తెలంగాణ మాట, కత్తి పట్టినవాడికి సీమ మాట పంచిపెట్టి, వైద్యుడికీ న్యాయమూర్తికీ కథానాయకుడికీ డెల్టా మాట దాచిపెట్టారు. 1969లో తెలంగాణ యువకులు వీధుల్లోకి వచ్చినప్పుడూ, 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడేదాకా సాగిన ఉద్యమంలోనూ భాషకు జరిగిన అవమానం ఉద్యోగాల, నీళ్ళ ప్రశ్నలతో పెనవేసుకునే వచ్చింది. సరదా అన్నవారికి ఆ సరదా ఖరీదు చాలా ఆలస్యంగా తెలిసింది.

మూడో వాదన మరీ ప్రమాదకరమైనది. "మన యాస మన గర్వం" అనేది. ఆంధ్రప్రదేశ్‌లో గిడుగు జన్మదినం ఆగస్టు 29న ఒక భాషా దినోత్సవం, తెలంగాణలో కాళోజీ జన్మదినం సెప్టెంబరు 9న మరొక భాషా దినోత్సవం జరుగుతున్నాయి. జరగవలసిందే. అయితే వేదికమీద "మన యాస" అని ఉపన్యసించే ఆసామి, ఆ సాయంత్రమే తన తోటలో కూలీ మాటను వెక్కిరిస్తే ఆ "మన" ఎవరు? ప్రాంతం పేరుతో దొరనూ కూలీనీ ఒకే గొడుగు కిందికి తెచ్చి, యాసను ఆ గొడుగు గుడ్డగా వాడుకోవడాన్ని మనం గుర్తుపట్టాలి.

చివరికి మన రచయితల దగ్గరకు వద్దాం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఈ మైదానాల గడ్డమీదనే. అంతకు ముందే, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి" అచ్చయి, పల్లె మాటకు నవలలో చోటిచ్చింది. గిడుగూ గురజాడా గ్రాంథికం కోటను బద్దలు కొట్టారు. ఆ రోజుల్లో పండితులు వాడుకభాష నంతటినీ "గ్రామ్యం" అని ఒక్క తిట్టుతో కొట్టిపారేశారు. ఆ పోరాటం గెలిచింది. కాని గెలిచినది శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవారి వాడుక. ఆనాటి పరిస్థితుల్లో అది మహత్తర విజయమే. మిగతా జనం మాట మాత్రం గడప బయటే నిలబడిపోయింది. "గ్రామ్యం" అనే పాత తిట్టే "యాస" అని పేరు మార్చుకుని ఆ గడపలో కాపలా కాస్తున్నది.

మన పత్రికల్లో కథలు చూడండి. కూలివాడు నోరు తెరిస్తే మాండలికం. కథ చెప్పే గొంతు మాత్రం మచ్చలేని పుస్తకభాష. అంటే ఏమిటి? బాధపడడం వాడి పని, ఆలోచించడం మన పని. కొటేషన్ గుర్తుల మధ్య వాణ్ణి నిలబెట్టి చూపిస్తున్నాం. ఇది ఇలాగే వుండనక్కరలేదు. రావిశాస్త్రి ఉత్తరాంధ్ర మాటను నవ్వించడానికి కాక, నవ్వేవారిని నిలదీయడానికి వాడారు. నామిని చిత్తూరు మాటలో సంభాషణలే కాదు, కథనమంతా నడిపించారు. ఖదీర్‌బాబు "దర్గామిట్ట కథలు" నెల్లూరు వైపు మాటలో చెప్పారు. పాఠకులు ఆ కథలు అర్థంకాక పక్కన పెట్టారా? ప్రేమతో చదివారు. అర్థం కాదన్న భయం సంపాదకుడిదే గాని పాఠకుడిది కాదు.

కనుక నేను కోరేవి పెద్ద కోరికలు కావు. ఉపాధ్యాయ మిత్రులు తమ క్లాసులో పిల్లవాడి మాటను అనుకరించి నవ్వించడం మానాలి; రాతను దిద్దండి, నోటిని కాదు. విద్యార్థులు సెలవుల్లో ఊళ్ళకు పోయినప్పుడు మిరపకల్లాల్లో, జిన్నింగు మిల్లుల్లో, ముఠా కూలీల దగ్గర కూర్చుని మాటలు సేకరించాలి. 1962లో మొదలైన పని మన కాలపు తోటకు, మన కాలపు పురుగుకు అందలేదు. రచయితలు కూలిమనిషికి సంభాషణతో పాటు కథనాన్ని కూడా అప్పగించాలి. ఈ పత్రిక రాబోయే సంచికల్లో, సుగ్గికి వచ్చినవారిలో రాయగలిగినవారి చేతనే రాయించి, వారి అక్షరం మార్చకుండా అచ్చువేయాలి. వారి మాటలకు అడుగున అర్థాలు ఇవ్వవలసి వస్తే, అదే సంచికలో మన వ్యాసాల్లోని మాటలకు కూడా వారికోసం అర్థాలు ఇవ్వాలి.